రెడ్డెమ్మకు నేను వేసిన సున్నాలు

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు మా ఇంటికొస్తే ముందు అడిగేది ఒకటే: "మేడమ్, ఏ టెస్టు మంచిది?" కత్తిపీటల కొట్టులో ఏ కత్తిపీట మంచిదని బేరమాడినట్టు అడుగుతారు. నాకు నవ్వొస్తుంది, కాస్త కోపం కూడా వస్తుంది.

నేను కువైట్‌లో ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చాలా ఏళ్ళు సైకాలజిస్టుగా పనిచేశాను. మనిషి తెలివి ఏ పాటిదో, జ్ఞాపకం ఎంత నిలుస్తోందో, మతి స్థిమితంగా ఉందో లేదో పరీక్షించి డాక్టర్లకు, అప్పుడప్పుడు కోర్టులకు రాసివ్వడం నా పని. ప్రమోషన్ల సంగతి రాయను. చెప్పుకోదగ్గవి రాలేదు. నేను ఎక్కడ తప్పాననేది మాత్రం రాస్తాను, మీకు పనికొచ్చేది అదే. ఇందులో మనుషుల పేర్లు మార్చాను.

నా గది మందులిచ్చే కిటికీ పక్కన ఉండేది. ఆసుపత్రిలో తెలుగు ఆడమనిషి కనబడితే నర్సే అనుకుంటారు మనవాళ్ళు. "సిస్టర్, సూది మీరేస్తారా?" అని చొక్కా చేయి మడుచుకుంటూ లోపలికొచ్చేవాళ్ళు. "సూది లేదు, కొన్ని ప్రశ్నలు అడుగుతానంతే" అంటే ఇంకా బెదిరిపోయేవాళ్ళు. ఏం అమాయకులని అప్పట్లో అనుకునేదాన్ని. వాళ్ళ భయంలో తప్పేమీ లేదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

టైల్స్ మేస్త్రీ

చేరిన కొత్తలో మంగఫ్ పేట నుంచి ఒక మేస్త్రీని తీసుకొచ్చారు. రాయచోటి వైపు మనిషి. పరంజా మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. మెదడు మునుపటిలా పనిచేస్తోందా, మళ్ళీ పనిలో పెట్టుకోవచ్చా అని కంపెనీ అడిగింది. ఎరుపు, తెలుపు చెక్క దిమ్మెలను బొమ్మలో ఉన్నట్టు పేర్చే పరీక్ష పెట్టాను. ఎంత త్వరగా పేరిస్తే అంత ఎక్కువ మార్కులు. నేను గడియారం నొక్కాను. ఆయన మొదటి దిమ్మె తీసుకుని చొక్కా అంచుతో తుడిచాడు. రెండోదాన్నీ తుడిచాడు. రెండూ పక్కపక్కన పెట్టి, తల వంచి, సందులోంచి వెలుతురు వస్తోందా అని ఒక కన్ను మూసి చూశాడు. నాలుగు దిమ్మెలు పేర్చేసరికి నేనిచ్చిన సమయం అయిపోయింది. అన్నిటికీ సున్నా వేశాను.

"తొందరగా పేర్చమన్నాను కదయ్యా" అన్నాను విసుగ్గా.

"తొందరగా పెడితే రేపు నీల్లు దిగుతాయమ్మా. మల్లా పీకి పెట్టాల్సొస్తాది" అన్నాడు ఆయన.

మా డాక్టరు ఫౌజీ గారు ఆ మార్కుల కాగితం చూసి, పెన్ను పక్కన పెట్టి, "దిమ్మెలు ఎలా ఉన్నాయి? వంకరగా ఉన్నాయా, తిన్నగా ఉన్నాయా?" అని అడిగారు. తిన్నగా ఉన్నాయన్నాను. "ఎంత తిన్నగా?" అన్నారు. అంత తిన్నగా పేర్చినవాడిని నేను అంతకు ముందు చూడలేదని ఒప్పుకోవలసి వచ్చింది. "అయితే నువ్వు అతన్ని కొలవలేదు, నీ గడియారాన్ని కొలిచావు" అన్నారాయన.

గడియారం లేకుండా పరీక్ష మళ్ళీ పెట్టాను. మేస్త్రీ పనికి వెళ్ళాడు. ఆ పాఠం బాగానే వంటబట్టిందనుకున్నాను. అక్కడే పొరపడ్డాను.

ఫౌజీ గారి దయ

ఫౌజీ గారు ఈజిప్టు మనిషి. పొట్టిగా ఉండేవారు, ఎప్పుడూ ఏదో నములుతూ ఉండేవారు. ఎవరి రిపోర్టు తెచ్చినా ముందు అంకెలు చూసేవారు కాదు. "గదిలోకి వచ్చి మొదట ఏమన్నాడు? గదిలో ఇంకెవరున్నారు?" అని అడిగేవారు. ఆ రెండు ప్రశ్నలూ ఈరోజుకీ మీకు నేనివ్వగల మంచి సలహాలు.

ఆయనలో ఒక లోపం ఉంది. అది దయ నుంచి పుట్టిన లోపం కనుక ఎవరూ ఎత్తి చూపేవారు కాదు. యజమాని ఇంట్లో ఉండలేక, వీసా ఇప్పించిన కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వక, మా దగ్గరికి చేరే ఆడవాళ్ళు ఉండేవారు. వాళ్ళకు జబ్బు ఉన్నా లేకపోయినా ఫౌజీ గారు ఒక జబ్బు పేరు రాసేవారు. రోగి అయితే ఇంటికి పంపక తప్పదు. వాళ్ళు విమానం ఎక్కేవాళ్ళు. "నా మందులన్నిటికన్నా విమానం బాగా పనిచేస్తుంది" అనేవారు. నేనూ ఆయనతో కలిసి నవ్వేదాన్ని, కాగితాలు రాసి పెట్టేదాన్ని. పిచ్చిదన్న కాగితంతో ఇల్లు చేరిన మనిషి అక్కడ ఎలా బతుకుతుందని మేమిద్దరం ఏనాడూ అడగలేదు. మంచి చేస్తున్నామన్న తృప్తి మనిషి చేత ప్రశ్నలు మానిపిస్తుంది.

నేను లేని ఏడు నెలలు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను సెలవు మీద తెనాలిలో ఉన్నాను. పెట్టెలో పచ్చళ్ళు సర్దుకుంటుండగా రేడియోలో విన్నాను. ఆ తర్వాత ఏడు నెలలు అక్కడ ఏం జరిగిందో పేపర్లో చదివినదే నాకు తెలుసు. తప్పించుకున్నందుకు సంతోషం కలిగింది, ఆ సంతోషానికి సిగ్గూ వేసింది. ఇప్పటికీ ఆ సిగ్గు పూర్తిగా పోలేదు.

ఇరాకీలు వెళ్ళిపోయాక పిలుపు వస్తే తిరిగి వెళ్ళాను. చమురు బావులు ఇంకా మండుతున్నాయి. గాలి అటు తిరిగిన రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు కార్లు లైట్లు వేసుకుని తిరిగేవి. నా గదికి తలుపు లేదు. బీరువా ఖాళీ. మార్కుల కాగితాలు చింపి ఎవరో టీ కాచుకున్నట్టున్నారు, మూలన బూడిదలో వాటి అంచులు కనబడ్డాయి. దిమ్మెల పెట్టె పోయింది. నాకు మిగిలింది పది ప్రశ్నల కాగితం ఒక్కటి. నీ పేరేమిటి, వయసెంత, ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ వారం, ఇది ఏ దేశం, ఏ ఊరు, ఏ పేట, ఈ భవనం ఏమిటి, నిన్నిక్కడికి ఎవరు తెచ్చారు. మనిషికి కాలం, చోటు తెలుస్తున్నాయా అని చూడడానికి అడిగే ప్రశ్నలవి. వాటి గురించి ఆలోచించేదేముంది, చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేవే కదా అనుకున్నాను.

పది ప్రశ్నలు

రెడ్డెమ్మను ఒక పోలీసు తీసుకొచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. రాయచోటి దగ్గర పల్లె, పిల్లలు అక్కడే ఉన్నారు. షర్క్ పేటలో ఒక పెద్ద కుటుంబంలో పనిమనిషి. ఆ ఇంటాయన్ను అబూ బద్ర్ అంటారు, అంటే బద్ర్ నాన్న. యుద్ధం వచ్చేనాటికి ఆయన, భార్య, చిన్నపిల్లలు వేసవికని విదేశంలో ఉన్నారు. ఇంట్లో మిగిలినవాళ్ళు మంచం దిగలేని ఆయన తల్లి, కాలేజీలో చదివే పెద్దకొడుకు బద్ర్, రెడ్డెమ్మ. మిగతా పనివాళ్ళంతా తలో దారిన వెళ్ళిపోయారు. బద్ర్ ఇరాకీలకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచేవాడట. చలికాలంలో ఒక ఉదయం సైనికులు నేరుగా మేడ మీది గదికి వెళ్ళి అతన్ని పట్టుకుపోయారు. అతను తిరిగి రాలేదు.

అంతకు ముందు రెడ్డెమ్మ తలుపు దగ్గర సైనికులతో మాట్లాడడం, చేయి చూపించడం ఎదురింటివాళ్ళు చూశారు. పిల్లవాడిని పట్టించింది ఆమేనని ఊరొచ్చాక అబూ బద్ర్ ఫిర్యాదు చేశాడు. విచారణ అధికారి ఏమడిగినా ఆమె "నాకేం తెల్దు" అంటోంది. ఈమెకు మతి ఉందా, విచారణకు పనికొస్తుందా చెప్పండని మాకు పంపారు. ఆ రోజుల్లో ఇరాకీలకు సాయం చేశారన్న నేరం చిన్నది కాదు.

నేను అట్టకు కాగితం తగిలించుకుని, పెన్ను తీసుకుని, ఎదురుగా కూర్చున్నాను. పోలీసు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నీ పేరేంటమ్మా?"

ఆమె రవికలోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే గుర్తింపు కార్డు, నా ముందు పెట్టింది. నోరు విప్పలేదు.

"ఇది ఏ సంవత్సరం?"

"ఆ కాయితంలో ఉంటాది మ్యాడం."

"ఇది ఏ దేశం?"

నా మొహం వంక చూసింది, పోలీసు వంక చూసింది, తల దించుకుంది. "మీరేదంటే అదే మ్యాడం."

"ఏ పేటలో ఉండేదానివి?"

"మీరు యేది రాసుకుంటే అది."

పదింటిలో ఎనిమిదింటికి సున్నా. ఇఖామా చూపించిందే గాని పేరు నోటితో చెప్పలేదు కనుక దానికీ సున్నా వేశాను. నిబంధన అలాగే ఉంది. నేను నిబంధనలు తప్పని మనిషిని. "కాలం, స్థలం గురించిన స్పృహ లేదు. విచారణకు తగిన మానసిక స్థితి లేదు" అని రాశాను. ఫౌజీ గారు ఒకసారి చదివి సంతోషంగా సంతకం పెట్టారు. "చాలా మంచి రిపోర్టు. ఇక కేసు లేదు, రెండు వారాల్లో ఇంట్లో ఉంటుంది" అన్నారు. ఈసారి గదిలో ఇంకెవరున్నారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

దుప్పట్లు మార్చే రోజు

కాగితాలు తయారయ్యేదాకా ఆమెను ఆడవాళ్ళ వార్డులో ఉంచారు. నాలుగు రోజుల తర్వాత వేరే పని మీద అటు వెళ్ళాను. రెడ్డెమ్మ టీ బండి తోస్తోంది. ఎవరికి చక్కెర వేయాలో, ఎవరికి వేయకూడదో ఆమెకు తెలుసు. మూడో మంచం ఆమె మందు వేసుకుందా లేదా అన్నదీ తెలుసు. ఆయాను ఆపి, "ఈ పొద్దు బుధవారం గదా, దుప్పట్లు మార్చాల. యల్లా యల్లా" అని తొందర పెడుతోంది.

నా కాగితంలో "ఈ రోజు ఏ వారం" అన్న ప్రశ్న ఎదురుగా నేను వేసిన సున్నా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

దుప్పట్లు మడిచే గదిలోకి ఆమె వెనకే వెళ్ళాను. ఖాళీ చేతులతో వెళ్ళాను. ఒక దుప్పటి రెండు కొసలు నేను పట్టుకున్నాను, రెండు ఆమె పట్టుకుంది. మడుస్తూ అడిగాను: "వారం తెలుసు కదా రెడ్డెమ్మా, ఆ రోజెందుకు చెప్పలేదు?"

"ఆ పొద్దు నీ చేతిలో అట్టా పెన్నూ ఉండె గదా మ్యాడం. యెనకాల పోలీసాయప్ప ఉండె."

"ఉంటే?"

ఆమె దుప్పటి కొసలు కలిపి నా చేతిలో పెట్టి, ఇంకోటి తీసింది. ఆ తర్వాత చెప్పింది. నేను అడగలేదు. దుప్పట్లు మడుస్తున్నంతసేపూ దానంతటదే వచ్చింది.

బద్ర్ బయటికి వెళ్తే పట్టుకుంటారు కనుక రొట్టెలకు ఆమే వెళ్ళేది. ఇంటి నుంచి రొట్టెల దుకాణానికి రెండు చెక్‌పోస్టులు. అక్కడ చేతిలో కాగితం పట్టుకున్నవాడు ఒకడు, వెనక తుపాకీతో ఒకడు.

"మొదట్లో ఒక రోజు నా ముందర మన కడపాయప్ప ఉండె మ్యాడం. నీ పేరేంది, యాడుంటావు, ఇది ఏ దేశం అని అడిగినారు. ఆయప్ప పాపం ఎప్పుడూ అనేదే గదా, కువైట్ అన్న్యాడు. తుపాకి మడమతో నోటి మీద కొట్నారు. పండ్లు రాలిపడినాయి. కువైట్ లేదు, ఇది ఇరాక్ అని సెప్పి పంపినారు. మరుసటి దినం ఇంకోడు ఉండె. వాడు ఇరాక్ అన్నోన్ని పట్టుకోని, నువ్వు యెగతాళి సేస్తాండావా అని కొట్న్యాడు. యాడ సెప్పేది మ్యాడం? పేటలకు పేర్లు మార్చిరి. ఈ ఊరోల్లు ఇంటి నంబర్లు పీకేసిరి, ఇరాకోల్లు కనుక్కోకూడదని. అప్పుటి నుంచి ఎవురడిగినా ఇఖామా సేతిలో పెట్టేది, మీరేదంటే అదే అనేది. ఏడు నెలలు అట్లనే బతికినా. ఒక్క పొద్దు కూడా పెద్దమామను పస్తు పెట్టలే."

అక్కడి ఇళ్ళల్లో పనివాళ్ళు యజమానురాలిని మామ అంటారు; పెద్దమామ అంటే ఆ ఇంటి ముసలావిడ.

పిల్లలూ, ఇది జాగ్రత్తగా చదవండి. నా పది ప్రశ్నలూ ఆ చెక్‌పోస్టులో అడిగిన ప్రశ్నలే. పేరు, ఊరు, పేట, దేశం. చేతిలో కాగితం, వెనక పోలీసు. ఎక్కడున్నానో తెలియని మనిషి కాదు ఆమె. ఎక్కడున్నానో ఎవరికి చెప్పకూడదో ఆ ఊళ్ళో అందరికన్నా బాగా తెలిసిన మనిషి. ఆ తెలివికి నేను సున్నాలు వేశాను. ఆ ఏడు నెలలూ నేను తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చుని పేపరు చదువుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పిచ్చిదా, దోషా

నేనేం రాశానో ఆమెకు చెప్పాను. దుప్పటి కింద పెట్టేసింది.

"పిచ్చిదని రాసినావా?"

"అలా రాస్తే కేసు ఉండదు రెడ్డెమ్మా. ఇంటికి పంపేస్తారు. బాగుందని రాస్తే విచారణ జరుగుతుంది. నువ్వు నోరు విప్పకపోతే జైలు పడొచ్చు."

"పిల్లోన్ని నేను పట్టియ్యలే మ్యాడం. రొట్టె తెచ్చి ఆ పిల్లోనికి తినిపించినా. నేను పిచ్చిదయితే, పట్టియ్యలేదని పిచ్చిది సెప్పిన మాట ఎవురు నమ్ముతారు? పట్టిచ్చి పిచ్చి పట్టింది అంటారు. పోతే జైలుకు పోతా. ఆ కాయితం సింపెయ్."

"మరి ఎవరు చెప్పారో నీకు తెలుసా?"

ఆమె దుప్పటి అంచు సరిచేసింది. "అది నన్నడగొద్దు మ్యాడం. ఇంకేమన్నా అడుగు" అంది.

ఫౌజీ గారి దగ్గరికి వెళ్ళి రిపోర్టు వెనక్కి తీసుకుంటానన్నాను. మా ఇద్దరికీ పెద్ద గొడవైంది అదొక్కసారే. "నీ నిజాయితీ ఆమెను జైల్లో పెడుతుంది. నా అబద్ధం ఆమెను పిల్లల దగ్గరికి చేరుస్తుంది. ఏది వైద్యం?" అన్నారు. "ఆమె అడిగింది సార్. ఇన్నేళ్ళలో మనం ఒక్కరినైనా అడిగామా?" అన్నాను. ఆయన నమలడం ఆపేశారు. చివరికి, "నువ్వు రాయి, నేను సంతకం పెడతాను, కానీ మనసొప్పి కాదు" అన్నారు.

వార్డులోనే, పోలీసు లేకుండా, రోజువారీ పనుల మీద పరీక్షించాను. ఏడు నెలల్లో ఏ నెలలో ఏం దొరికింది, నీళ్ళెలా తెచ్చింది, ముసలావిడ మందులు అయిపోతే ఎవరి దగ్గర అడిగింది, అన్నీ వరసగా చెప్పింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ అడిగితే ఒక్క మాట తేడా లేకుండా చెప్పింది. "సంపూర్ణ స్పృహ ఉంది. జ్ఞాపకశక్తి బాగుంది. మొదటి నివేదిక పరీక్షకురాలి పొరపాటు. ఈమె మౌనం జబ్బు కాదు, తానుగా ఎంచుకున్నది" అని రాశాను. ఆమె దోషా కాదా అన్నది రాయలేదు. అది మన పరీక్షలు చెప్పలేవు. చెప్పగలమనుకునే రోజున ఈ ఉద్యోగం మానేయండి.

ఆ రిపోర్టు పంపిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమెను నా చేత్తోనే జైల్లోకి తోశానేమో అన్న భయం అది.

కాఫీ

విచారణ అధికారి రిపోర్టు చదివి, అయితే ఆ ఉదయం ఇంట్లో ఉన్న మూడో మనిషిని కూడా చూడండి అన్నాడు. అంటే ముసలావిడ. ఆమె సాక్ష్యం చెప్పగలదా అని అడిగాడు. మంచం దిగలేని మనిషి కనుక నేనే వాళ్ళింటికి వెళ్ళాను. తనకు అలవాటైన మనిషి దగ్గరుంటే ముసలావిడ కుదురుగా ఉంటుందని చెప్పి రెడ్డెమ్మను కూడా వెంట తీసుకెళ్ళాను. ఖాకీ బట్టల్లో ఒక కానిస్టేబులు మాతో వచ్చాడు. టైల్స్ మేస్త్రీ దగ్గరా, రెడ్డెమ్మ దగ్గరా నేర్చుకున్న పాఠంతో అట్ట, పెన్ను కారులోనే వదిలేశాను. కానిస్టేబుల్ని బయట ఉండమనడం మాత్రం మరిచిపోయాను. అది నా పొరపాటే.

అబూ బద్ర్ నలభై దాటిన మనిషి. తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా, వేసుకుని, కళ్ళ కింద నల్లగా, తల్లి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. రెడ్డెమ్మ లోపలికి వస్తుంటే మొహం పక్కకు తిప్పుకున్నాడు. ముసలావిడ మాత్రం ఆమెను చూడగానే, "రెడ్డీ, ఎక్కడికి పోయావే?" అంది. రెడ్డెమ్మ గబగబా వెళ్ళి ఆమె తలకింద దిండు సర్దింది.

నాకొచ్చిన అరబ్బీలో నెమ్మదిగా మాట కలిపాను. అక్కడ పెద్దావిడలను పిలిచినట్టే, కాఫీ ఎలా కాస్తారు హజ్జా అని అడిగాను. ఏలకులు ఎప్పుడు వేయాలో, చిన్న కప్పులో ఎంత పోయాలో చక్కగా చెప్పింది. ఇప్పుడు ఎవరు పాలిస్తున్నారంటే ఎప్పుడో పోయిన భర్తను పిలిచి ఆయన్నడుగు అంది. కాసేపు కాఫీలోనే ఉంది, కాసేపు యాభై ఏళ్ళ వెనక ఉంది.

అంతలో గుమ్మంలో నిలబడిన ఖాకీ బట్టలు ఆమె కంటబడ్డాయి. మొహం విప్పారింది.

"అబ్బాయిలను గుమ్మంలో నిలబెట్టారేం? రా నాయనా, లోపలికి రా, కాఫీ తాగు. బద్ర్ కోసమా? మేడ మీద గదిలో పడుకున్నాడు. పైకి వెళ్ళి లేపండి."

రెడ్డెమ్మ ఆమె చేయి పట్టుకుని, "పెద్దమామా, ఖలాస్, ఇంక సాలు, పండుకో, పండుకో" అంది కంగారుగా. ముసలావిడ ఆ చేయి విదిలించుకుంది.

"ఈ పిల్ల మాట వినకండి. అప్పుడూ ఇలాగే మీతో ఎవరూ లేరని చెప్పింది, వీధి చివరకు చేయి చూపించి పొమ్మంది. ఇంటికొచ్చిన వాళ్ళను అలా పంపుతారా? నాకు సిగ్గేసింది. నేనే కదా కేకేసి పిలిచాను, పైన ఉన్నాడని నేనే కదా చెప్పాను. కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు."

వచ్చినవాడు ఎవడైనా అతిథే, అతిథి అడిగితే నిజమే చెప్పాలి, ముందు కాఫీ ఇవ్వాలి. ఆమె జీవితమంతా చేసిన పని అది. మతి సడలినా ఆ మర్యాద సడల్లేదు. పిల్లవాడు పోయింది దాంతోనే.

అబూ బద్ర్ కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉన్నాడు. తలగుడ్డ కొసతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను కిటికీ వైపు తిరిగాను. నా ఉద్యోగంలో నేను ఏడ్చిన సందర్భాలు తక్కువ, అది ఒకటి.

చివరి కాగితం

వరండాలోకి వచ్చాక అడిగాను: "నీకు మొదటి నుంచీ తెలుసు. జైలుకు పోతానన్నావు గాని చెప్పలేదేం?"

"సెప్తే ఆయప్ప తల్లిని ఎట్ల సూస్తాడు మ్యాడం? ఆమె దినామూ పిల్లోడేడీ అని అడుగుతాంటాది. యేం సేసిందో ఆమెకు తెల్దు. తెలిసేటట్టు సేసేదానికి నాకు మనసు రాలే" అంది.

అబూ బద్ర్ మా వెనకే బయటికొచ్చాడు. ముందు నా దగ్గరికి వచ్చి, ఫిర్యాదు ఈరోజే వెనక్కి తీసుకుంటానన్నాడు. అమ్మ అన్న మాటలు కాగితం మీద పెట్టకండి, అది ఈ ఇంట్లోనే ఉండిపోనివ్వండి అని బతిమాలాడు. కానిస్టేబులు తల వంచుకుని ముందే వెళ్ళి కారులో కూర్చున్నాడు.

నేను రాయలేదు. మతి నిలవని మనిషి పరీక్షలో అన్న మాట సాక్ష్యం కాదు అన్నది నేను చెప్పుకున్న కారణం. నియమం ప్రకారం అది సరైన కారణమే. కానీ ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోయి ఉంటే రెడ్డెమ్మ కోసం ప్రతి అక్షరం రాసేదాన్ని, ఏ నియమమూ నన్ను ఆపేది కాదు. అంటే నేను నియమం చూసి కాదు, మనుషులను చూసి నిర్ణయించాను. అది ఒప్పా తప్పా అని మీలో కొందరు నాతో వాదిస్తారు. వాదించండి. నేనూ ఇంకా తేల్చుకోలేదు.

తర్వాత ఆయన రెడ్డెమ్మ ముందుకు వెళ్ళాడు. యజమాని, అందులోనూ ఆ ఊరి మనిషి, పనిమనిషి ముందు అలా తల వంచి నిలబడడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. క్షమించమన్నాడు. తిరిగి ఇంటికి రమ్మన్నాడు. కావాలంటే టికెట్ కొని ఊరికి పంపుతానన్నాడు.

రెడ్డెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తనకొచ్చిన పనివాళ్ళ అరబ్బీలో, మధ్యలో తెలుగు కలుపుతూ, ఆమె అన్నది ఇంతే:

"నన్ను అనిందంతా ఎదురింటోల్ల ముందర కాదని సెప్పు బాబా, నాకు అది సాలు. ఊరికి తర్వాత పోతా. నువ్వు పొయ్యి పెద్దమామ కాడ కూసో. చెయ్యి పట్టుకో. ఆమెను మాత్రం ఏమీ అడగొద్దు. ఎప్పుడూ ఏమీ అడగొద్దు."

ఆయన ఆ సాయంత్రమే ఎదురింటికి వెళ్ళి చెప్పి వచ్చాడని తర్వాత తెలిసింది.

మర్నాడు ముసలావిడ కాగితం పూర్తి చేశాను. సాక్ష్యానికి తగిన స్థితిలో లేదు అని రాశాను. కింద సిఫారసుల గడి ఉంటుంది. మామూలుగా అక్కడ ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్షించాలి అని రాయడం నా అలవాటు. ఈసారి ఇలా రాసి, సంతకం పెట్టి, ఫౌజీ గారికి పంపాను: "ఈమెను ఇకపై ఎవరూ, ఏ కారణంతోనూ, ఆ ఉదయం గురించి ఏమీ అడగరాదు."